నూటికి ఆరు

సోమవారం పొద్దున పది గంటలకు ఉజ్మా ప్యాకెట్టు మూతి కత్తిరించి పకోడీలను స్టీలు పళ్లెంలో బోర్లించింది. లెక్కపెడితే ఇరవై రెండు వచ్చాయి. క్యారెట్టు, క్యాబేజీ, ఉల్లిగడ్డ సన్నటి పొడుగు ముక్కలు ఒకదాన్నొకటి పెనవేసుకుని, పలుచని పిండిలో కరకరలాడేలా వేగి ఉన్నాయి. ప్రతి పకోడీ నడినెత్తిన ఒక రొయ్య ఉంగరంలా చుట్టుకుని కూర్చుంది. పళ్లెంలో పరిచిన కాగితం ఆమె చూస్తుండగానే నూనె పీల్చుకుని అవతలి వైపు కనిపించేంత పలచబడింది.

హన్మకొండ నక్కలగుట్టలో మందుల దుకాణం పైన మూడు గదులు. సదానందం గారి ల్యాబ్ అదే. పాలు, పసుపు, కారప్పొడి, పచ్చళ్లు, ఎవరేం తెచ్చినా అందులో ఏముందో, ఎంతుందో తేల్చి కాగితం ఇస్తారు. తేల్చే పని ఉజ్మాది. కాగితం అడుగున కుడివైపు సదానందం గారి సంతకం ఉంటుంది. ఎడమవైపు 'పరీక్షించినవారు' అన్న చోట ఉజ్మాది.

ఈ ప్యాకెట్టును పంపింది ఒక ప్రైవేటు కాలేజీ ఆడపిల్లల హాస్టల్ వాళ్లు. అక్కడ మెస్సు చూసుకునే వినోద మేడమ్ చేతిరాతతో చీటీ ఒకటి పిన్ను కొట్టి ఉంది. 'సాయంత్రం పిల్లలకు గుడ్డు ఆపేసి మా పైవాళ్లు ఈ రొయ్యల పకోడీ పెట్టమంటున్నారు. నాలుగు పెడితే గుడ్డుకు సరిపోతుందా? ప్రోటీన్ ఎంతుందో చెప్పగలరు.'

ఇరవై రెండింటినీ ముక్కలు చేసి మిక్సీలో వేసింది ఉజ్మా. ఇందులో మంచి ముక్క, చెడ్డ ముక్క అని చూడకూడదు. పళ్లెంలో ఉన్నదంతా పొడిలో ఉండాలి. ఆ సంగతి మొదటి రోజే సదానందం గారు నేర్పారు. 'మిక్సీల పడ్డంక రొయ్య లేదు, క్యాబేజీ లేదు, అంత ఒక్కటే' అని నవ్వుతూ చెప్పారు అప్పుడు.

ఆ పొడి గ్రాము తూచి పొడుగు మెడ గాజు బుడ్డిలో వేసి, ఆమ్లం పోసి, పొయ్యి మీద పెట్టింది. నల్లగా కుతకుత ఉడికి, పొగలు కక్కి, మూడు గంటలకు అది లేత ఆకుపచ్చ నీళ్లలా తేటపడింది. మర్నాడు పొద్దున దాన్ని మరిగించి, వచ్చిన ఆవిరిని ఇంకో బుడ్డిలో పట్టి, గాజు గొట్టం లోంచి ఒక్కో చుక్కా వదిలింది. ఆకుపచ్చ రంగు గులాబీ రంగుకు తిరిగిన చుక్క దగ్గర ఆపింది. లెక్క కట్టింది. ప్రోటీన్ నూటికి ఆరు పాయింట్ రెండు.

నమ్మకం కుదరక పక్కనే ఉడికిన రెండో బుడ్డిని కూడా చూసింది. ఆరు పాయింట్ ఒకటి. నూనె మాత్రం నూటికి ఇరవై తొమ్మిది.

నాలుగు పకోడీలంటే అరవై గ్రాములు. అందులో ప్రోటీన్ నాలుగు గ్రాములకు లోపే. ఒక్క గుడ్డులో ఆరు ఉంటుంది. పైగా పకోడీలతో పాటు నాలుగు చెంచాల నూనె ఒక్కో పిల్ల కడుపులోకి పోతుంది, రోజూ. ఉజ్మా ఆ లెక్క కూడా రిజిస్టరు అంచున రాసింది.

సదానందం గారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చూశారు. "మళ్ల చేసినవా?"

"రెండు బుడ్లు పెట్టిన సార్. రెండూ ఒక్క తీరే వచ్చినయి."

"సరె. హాస్టలోళ్లకు ఫోన్‌ల చెప్త. కాగితం తియ్యకు ఇప్పుడే."

కాగితం ఎందుకు తియ్యొద్దో ఉజ్మా అడగలేదు. బుడ్లు కడగడానికి పోయింది.

బుధవారం పొద్దున ఆ పకోడీలు చేయించి అమ్మే ఓంప్రకాశ్ స్వయంగా వచ్చాడు. కరీమాబాద్ అవతల ఆయనకు షెడ్డు ఉంది. పది మంది ఆడవాళ్లు అక్కడ పకోడీలు వేయించి, ప్యాకెట్లు కడతారు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. చేతిలో కొత్త ప్యాకెట్టు.

"చెల్లె, మొన్నటి మాల్‌ల గడబిడైంది," అన్నాడు ఉజ్మా టేబుల్ మీద దాన్ని పెడుతూ. "పనోళ్ల కాడ జర ఇబ్బందైంది. సరి చేసిన. ఇది ఫ్రెష్ మాల్. మంచిగ చూడు."

ఆయన, సదానందం గారు లోపలి గదిలో తలుపు దగ్గరికేసి కూర్చున్నారు. చాయ్ వచ్చింది, గ్లాసులు ఖాళీ అయి బయటికి వచ్చాయి. ఓంప్రకాశ్ ఆమెకు తల ఊపి మెట్లు దిగిపోయాక సదానందం గారు టేబుల్ దగ్గరికి వచ్చారు. తూనిక యంత్రం అద్దాన్ని కాగితంతో తుడవసాగారు. అది శుభ్రంగానే ఉంది.

"ఉజ్మా, ఈసారి రొయ్య ఉన్న భాగం తీస్కో."

"అంటె సార్?"

"పేరే రొయ్యల పకోడి. రొయ్యల ఎంతున్నదో తెలిస్తె చాలు ఆయనకు. రొయ్యలు ఏరు, రుబ్బు, పెట్టు."

"అంత కలిపి రుబ్బాలె గద సార్?"

"ఆయన తెచ్చిన శాంపిల్, ఆయన అడిగిన పరీక్ష. నువ్వు నంబర్ మార్చి రాస్తలేవు గద? వచ్చిందే రాస్తవు." ఆయన అద్దం తుడవడం ఆపలేదు, ఆమె వైపు చూడనూ లేదు. "నెల నెలా ఆయనవి ఆరు రకాలొస్తయి మనకు. ల్యాబ్ నడవాలె గద బిడ్డా."

కోపంగా అని ఉంటే ఆమె ఎదురు మాట్లాడేదేమో. బతిమాలినట్టు అన్నారు. ఉజ్మా పట్టకారు తీసుకుంది.

ఒక్కో పకోడీని ఎడమచేత్తో పట్టుకుని, నడినెత్తిన రొయ్యను పట్టకారుతో పీకుతుంటే పిండి పెచ్చు టప్పున విరిగి వచ్చేది. ఇరవై రెండు రొయ్యలు చిన్న గిన్నె అడుగుకు కూడా సరిపోలేదు. మిగిలిన పకోడీలు నెత్తిన గుంటలతో పళ్లెం నిండా ఉన్నాయి. ఆమె వాటిని చెత్తబుట్టలో పోసి, పైన పాత వార్తాపత్రిక కప్పింది. ఎవరూ రాని గదిలో ఎందుకు కప్పిందో ఆమెకే తెలియదు.

గురువారం లెక్క తేలింది. పదహారు పాయింట్ నాలుగు. సదానందం గారు కాగితం తీశారు, ముద్ర వేశారు. 'రొయ్యలు-కూరగాయల పకోడి, వంద గ్రాములకు ప్రోటీన్: 16.4'. రొయ్యలు ఏరి రుబ్బినట్టు అందులో ఎక్కడా లేదు. ఉజ్మా ఎడమవైపు సంతకం చేసింది. ఎప్పుడూ చేసేదాని కన్నా తొందరగా చేసింది. చివరి అక్షరం గీత దాటి కిందికి జారింది.

శుక్రవారం మధ్యాహ్నం సదానందం గారు భోజనానికి ఇంటికి వెళ్లిన వేళ, మెట్ల మీద ఆగి ఆగి ఎక్కుతున్న అడుగుల చప్పుడు వినిపించింది. యాభై ఏళ్ల మనిషి, ముతక చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడింది. మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి.

"ఉజ్మా అంటె నువ్వేనా బిడ్డా?"

"నేనే. ఏం కావాలె?"

"నా పేరు సారలమ్మ. ఓంప్రకాశ్ సారు షెడ్డుల వేయిస్త. వేయించేదాన్ని." ఆమె గోడకు చేయి ఆనించి ఊపిరి తీసుకుంది. "నేను దొంగనని నీ మిషన్ చెప్పిందంట గద?"

ఉజ్మాకు ఏమీ అర్థం కాలేదు. స్టూలు జరిపి కూర్చోమంది. సారలమ్మ కూర్చోలేదు.

"నాలుగేండ్ల సంది చేస్తాన ఆయన దగ్గర. మంగళారం పొద్దుగూకినంక పిలిచిండు. హాస్టలోళ్లు పరీక్ష చేపిచ్చిండ్రు, మాల్‌ల రొయ్య లేదని ల్యాబోళ్లు చెప్పిండ్రు, రొయ్యలు ఇంటికి మోస్తానవు నువ్వు అన్నడు. పది మంది ముంగట నా సంచి కింద గుమ్మరిచ్చిండు. అండ్ల ఏమున్నది? టిఫినీ, దువ్వెన, బస్సు పాసు. ఇయ్యాల్నే మోసినవా, రోజు మోస్తవా అనుకుంట ఎల్లగొట్టిండు."

"మంగళారమా?"

"ఆఁ. అది గాక నిన్న ఇంకో కాగితం తెచ్చిండట. సారలమ్మ ఉన్నప్పుడు ఆరు, సారలమ్మ పోంగనె పదారు, చూడుండ్రి అని అందరికి చూపెట్టిండట. హాస్టల్ మేడమ్‌కు గూడ అదే చూపెట్టిండట. ఆ కాగితం కింద నీ పేరున్నదని కట్టమ్మ చదివి చెప్పింది. నా పక్క పొయ్యి మీద వేయించేది ఆమె." సారలమ్మ బల్ల మీది యంత్రాలను ఒక్కొక్కటిగా చూసింది. "ఇండ్ల ఏది బిడ్డా ఆ మిషన్?"

 మంగళవారం నాటి తన ఆరు, గురువారం నాటి తన పదహారు. ఒక్క ఆరే అయితే అది పకోడీ సంగతి. ఒక్క పదహారే అయితే అది రొయ్యల సంగతి. రెండింటినీ పక్కపక్కన పెడితే ఈ గుమ్మంలో నిలబడ్డ మనిషి దొంగ.

"మిషన్ అట్ల చెప్పదు చిన్నమ్మా."

"మరేం చెప్తది?"

"తిండిల బలమిచ్చేది ఎంతున్నదో చెప్తది. ఎవలు వేసిండ్రు, ఎవలు తీసిండ్రు అని చెప్పదు."

"మరి చెప్పిందనే అంటాండ్రు గద అందరు."

ఉజ్మా నోటి దాకా ఒక మాట వచ్చింది. అది బయటికి రాకముందే ఆమె కాగితం లాక్కుని, కలం మూత తీసింది. "మీరు ఏమేం కలుపుతరు, ఎంతెంత? ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."

అడిగినదానికి సారలమ్మ వేళ్లు మడుస్తూ చెప్పింది. పది కిలోల కూరగాయ ముక్కలకు కిలో రొయ్య. అంతకు మించి వేయొద్దని సారు చెప్పాడు. పిండి నాలుగు కిలోలు, మైదా సగం, బియ్యప్పిండి సగం. "ముందుగాల శెనగపిండి ఉండె. ఏడాది సంది బంద్ చేసిండు. శెనగపిండి ఉన్నన్ని దినాలు తిన్నోళ్ల కడుపుల నిలిచేది. ఇప్పుడిది నోటికే గని కడుపుకు గాదు."

ఉజ్మా కూడింది. రొయ్యలో ఇంత, మైదాలో ఇంత, బియ్యప్పిండిలో ఇంత, కూరగాయల్లో దాదాపు ఏమీ లేదు. ఆరు దగ్గరే తేలుతోంది. ఒక్క రొయ్య కూడా ఎవరూ తియ్యకపోయినా ఆరే.

"ఆదివారం మీ ఇంటికొస్త," అంది లేచి నిలబడి. "రొయ్యలు నేను తెస్త. మీరు షెడ్డుల ఎట్ల చేస్తరో అట్లనే నా ముంగట వేయించుండ్రి. దాన్ని పరీక్ష పెడ్త. కాగితం ఇస్త."

సారలమ్మ మొదటిసారి ఆమె ముఖంలోకి తేరిపార చూసింది. "నీకు పుణ్యముంటది బిడ్డా," అంది.

ఆ మాట ఉజ్మాను శనివారమంతా కుదురుగా కూర్చోనియ్యలేదు. పనిలో పసుపు శాంపిల్‌ను రెండుసార్లు తప్పుగా తూచింది. సాయంత్రం ఇంట్లో కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది, బాల్కనీలోకి పోయింది, లోపలికి వచ్చింది, ఫోను తీసింది, పెట్టింది. తల్లి దిల్షాద్ బేగం గోరుచిక్కుడు ఈనెలు తీస్తూ ఆమెనే చూస్తోంది.

"ఏమైంది బేటా? కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు తిరుగుతానవు."

"ఏం లేదమ్మీ."

"ఎవలన్న ఏమన్న అన్నరా?"

"అనలే. మంచిగనే అన్నరు."

"మంచిగ అంటె గూడ ఫికరేనా?" దిల్షాద్ బేగం నవ్వబోయి, కూతురి ముఖం చూసి ఆపేసింది. పక్కకు జరిగి చోటిచ్చింది. ఉజ్మా కూర్చుని రెండు కాయలు తుంచి, మళ్లీ లేచింది.

ఆదివారం చేపల మార్కెట్‌లో చిన్న రొయ్యలు అరకిలో కొని, ఐసు ముక్కలతో డబ్బాలో పెట్టి హసన్‌పర్తి బస్సెక్కింది. సంచిలో ల్యాబ్‌లోని చిన్న తూనిక ఉంది. సారలమ్మ ఇల్లు ఊళ్లోకి వెళ్లే సందులో రెండు గదుల రేకుల ఇల్లు. వాకిట్లో ఆమె భర్త ఉప్పలయ్య మంచాన్ని మోసుకుంటూ దూరంగా, ప్రహరీ చివరకు తీసుకుపోతున్నాడు.

"ఆయనకు రొయ్య వాసన పడదు బిడ్డా," అంది సారలమ్మ. "ఒళ్లంత దద్దుర్లొస్తయి. నేను షెడ్డు నుంచి వచ్చి తానం చేసినంకనే ఇంట్లకు రావాలె."

ఉజ్మా డబ్బా కింద పెట్టింది. "మీ ఇంట్ల రొయ్యలు తినరా?"

"నేను నోట్ల పెట్టి ఎరుగను."

"మరి ఓంప్రకాశ్ సారుకు ఆ మాట చెప్పలేదా?"

అవతలి నుంచి ఉప్పలయ్య గొంతు వినిపించింది. అప్పటి దాకా పలకరింపుకు కూడా మాట్లాడని మనిషి. "అడిగితె గద చెప్పనీకి? సంచి గుమ్మరిచ్చెటోడు అడుగుతడా?" అని అటు తిరిగి కూర్చున్నాడు.

సారలమ్మ పని మొదలు పెట్టాక మాట తగ్గించింది. క్యారెట్టును అగ్గిపుల్లల్లా, క్యాబేజీని దారాల్లా తరిగింది. ఉజ్మా ఒక్కోటి తూచి రాసుకుంది. ఐదు కిలోల ముక్కలకు అరకిలో రొయ్య. మైదా, బియ్యప్పిండి కిలో కిలో. నీళ్లు పోసి వేళ్ల సందుల్లోంచి జారేంత పలుచగా కలిపింది. బాండీలో నూనె కాగాక ఒక ముక్క వేసి చూడలేదు, చెవి వంచి విన్నది. "ఇగ వేయొచ్చు," అంది. పిండిలో తడిసిన ముక్కలను చిల్లుల గంటెలో గుండ్రంగా పరిచి, మీద ఒక రొయ్యను బొటనవేలితో అదిమి, గంటెను వంచి నూనెలోకి జారవిడిచింది.

"రొయ్య పైననే ఎందుకు చిన్నమ్మా?"

"సారు చెప్పిండు. లోపట ఉంటె ఎవనికి కనవడదు, పైన పెట్టుండ్రి అన్నడు. ఒక్కటే అయినా ఉన్నట్టు కనవడ్తది." ఆమె పకోడీని తిప్పింది. "లోపట కలిపితె రుచి మంచిగుంటది అసలు."

చివరకు గిన్నె అడుగున నాలుగు రొయ్యలు మిగిలాయి. సారలమ్మ వాటినీ తూచమంది. "రాసుకో," అంది. "మిగిలినయి గూడ రాసుకో."

సోమవారం ఉజ్మా తన సమయంలో, మిగతా శాంపిల్స్ అయ్యాక, ఆ పకోడీలను రుబ్బింది. అన్నింటినీ. మంగళవారం మధ్యాహ్నానికి గులాబీ రంగు తిరిగింది. ఆరు పాయింట్ మూడు.

ఆమె రిజిస్టరు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. సంగతంతా చెప్పింది, సంచి గుమ్మరించడం కూడా. సదానందం గారు మధ్యలో ఆపలేదు. అంతా విని, రిజిస్టరు మూసి, దాని మీద చేయి పెట్టారు.

"ఆమె పని పోయిందని నాకు తెల్వదు ఉజ్మా."

"సంతకం పెట్టినప్పుడు నాకు గూడ తెల్వదు సార్."

"నేను అబద్ధం రాయమనలే. పదహారు వచ్చిందా, లేదా?"

"వచ్చింది సార్. రొయ్యలకు వచ్చింది. పకోడీకి రాలే."

ఆయన కిటికీ వైపు చూశారు. కింద ఆటోలు హారన్లు కొట్టుకుంటున్నాయి. "దీని మీద ముద్ర వెయ్యలేను. ఒకసారి ఇచ్చిన కాగితం తప్పని మనమే అంటె రేపు పసుపు తెచ్చెటోడు గూడ రాడు."

"ముద్ర అడుగుతలేను సార్. చేతితో రాసిస్త."

"అది పట్టుకుని పోయి, రేపు పొద్దున ఇండ్లకు ఎట్ల వస్తవు?"

 ఉజ్మా తెల్లకోటు విప్పి మేకుకు తగిలించింది. సదానందం గారు ఆపలేదు, పొమ్మననూ లేదు. రిజిస్టరు మీది చేయి మాత్రం తీశారు. ఆమె అందులోని అంకెలు రెండు తెల్లకాగితం మీద ఎక్కించుకుంది, మొదటి ఆరు, కొత్త ఆరు.

ఉజ్మా రమ్మన్న హన్మకొండ చౌరస్తా బస్‌స్టాపులో సారలమ్మ అప్పటికే వచ్చి నిలబడి ఉంది. ఉజ్మా కాగితం చేతికిచ్చింది. సారలమ్మ దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుంది.

"చదువు రాదు గని అంకెలొస్తయి నాకు. ఇది ఆరు. ఇది గూడ ఆరే. ఒకటి నేను షెడ్డుల చేసింది, ఒకటి నీ ముంగట చేసింది. అంతేనా?"

"అంతే చిన్నమ్మా. మీరేం తియ్యలేదని దీంతోటి తేలింది."

సారలమ్మ ముఖం విప్పారింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టబోయి, ఆగింది. మళ్లీ విప్పింది.

"మరి ఆ పదారు ఎవలు రాసిండ్రు?"

పరకాల బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు, ఇద్దరినీ అటు ఇటు తోస్తున్నారు. ఉజ్మా బస్సు వెళ్లేదాకా ఆగింది. వెళ్లిపోయాక ఇక ఆగడానికి ఏమీ లేదు.

"నేనే."

"నువ్వా?"

"ఓంప్రకాశ్ సారు తెచ్చిన ప్యాకెట్‌లకెళ్లి రొయ్యలొక్కటే ఏరి రుబ్బిన. కూరగాయలు, పిండి పారేసిన. మా సార్ చెప్పిండు. నేను చేసిన. మొన్న మీరొచ్చిన నాడే చెప్పాలె. చెప్పలేకపోయిన."

 సారలమ్మ చీర కొంగు భుజం మీదికి లాక్కుంది. ఆమె గొంతులో కోపం లేదు, లెక్క సరిచూసుకుంటున్నట్టుంది.

"అంటె, రొయ్యలు తీసింది నువ్వన్నట్టు."

ఉజ్మా తల దించుకుంది. ఇన్ని రోజులూ తను ఒకరిని కాపాడడానికి తిరుగుతున్నాననే అనుకుంది. బస్సెక్కింది, రొయ్యలు కొన్నది, తూచింది, రుబ్బింది. ఆ తిరుగుడంతా ఈ ఒక్క మాట వినకుండా ఉండడానికేనని ఇప్పుడు తెలిసింది.

"నాకు చెప్తె ఏమొస్తది బిడ్డా," అంది సారలమ్మ. "ఆ మేడమ్‌కు చెప్పు. నడువు."

హాస్టల్ దాకా ఇద్దరూ ఆటోలో వెళ్లారు. సాయంత్రం ఐదయింది. మెస్సు ముందు రెండు జడల పిల్లలు ప్లేట్లు పట్టుకుని వరుస కట్టారు. ఒక్కొక్కరి ప్లేటులో నాలుగేసి పకోడీలు పడుతున్నాయి. ఒక పిల్ల ముందుగా రొయ్యను గిల్లి నోట్లో వేసుకుని, మిగతాది పక్కపిల్ల ప్లేటులో పడేసింది.

వినోద మేడమ్ గది మెస్సు పక్కనే ఉంది. ఉజ్మా నిలబడే చెప్పింది. రొయ్యలు ఏరిన సంగతి కూడా దాచలేదు. చివరి దాకా చెప్పింది. వినోద మేడమ్ బల్ల సొరుగులోంచి ముద్ర ఉన్న కాగితం తీసి, తెల్లకాగితం పక్కన పెట్టింది.

"రెండూ మీరిచ్చినయే. దేన్ని నమ్మాలె నేను?"

"పదహారును నమ్మొద్దు మేడమ్. అది రొయ్యలది. పిల్లలు తినేది పకోడీ. నాలుగు తిన్నా గుడ్డంత బలం రాదు. నాలుగు చెంచాల నూనె వస్తది."

"రాసిస్తరా?"

ఉజ్మా కూర్చుని రాసింది. ఏ రోజు ఏం చేసిందో, ఎవరు చెబితే చేసిందో, ఏది పారేసిందో. అడుగున సంతకం చేసింది. ఈసారి తొందరపడలేదు.

వినోద మేడమ్ అది చదివి బయటికి తొంగి చూసింది. వరుసలో ఇంకా సగం మంది ఉన్నారు. "రేపటి సంది గుడ్డే పెడ్త," అంది. "పైవాళ్లతోటి నేను మాట్లాడుకుంట. ఇంకేమన్న ఉన్నదా?" చూపు సారలమ్మ మీద నిలిచింది. "అమ్మా, ఓంప్రకాశ్ గారు నీ గురించి చెప్పింది నేను నమ్మిన. ఏమనుకోకు."

"గుడ్డు సంగతి మీరు చూస్కోండ్రి మేడమ్," అంది సారలమ్మ. "నన్ను దొంగన్నది ఈ గదిల గాదు. పది మంది ముంగట. కాదన్న మాట గూడ పది మంది ముంగటనే అనాలె."

"షెడ్డుకు రమ్మంటవా నన్ను?"

"వద్దు. ఫోన్ చేస్త. మీరు చెప్పుండ్రి." ఆమె బొడ్లోంచి చిన్న ఫోను తీసి, అంకెలు ఒక్కొక్కటే నొక్కి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

నాలుగైదుసార్లు మోగాక అవతల ఎత్తారు. ముందు నూనె చిటచిటలు, గంటెల చప్పుడు, ఆ తర్వాత కట్టమ్మ గొంతు. "అక్కా, పనిల ఉన్న."

"హాస్టల్ మేడమ్ మాట్లాడ్తది. అందరికి వినవడేటట్టు పెట్టు."

చప్పుళ్లు దగ్గరయ్యాయి. గంటెలు ఆగాయి. వినోద మేడమ్ ముందుకు వంగి, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. "సారలమ్మ ఒక్క రొయ్య గూడ తియ్యలేదు. పరీక్షల తేలింది. కాగితం నా దగ్గరున్నది. ఆమె మీద వేసిన నింద తప్పు. విన్నరా అమ్మా?"

 అవతల నూనె ఒక్కటే వినిపిస్తోంది.

"విన్నం మేడమ్," అంది కట్టమ్మ చివరకు. కొంచెం ఆగి, గొంతు తగ్గించి అంది. "మాకు ఆనాడే ఎరుక మేడమ్. అందరికెరుకనే."

సంచి గుమ్మరించిన సంగతి చెప్పినప్పుడు కూడా తడవని సారలమ్మ కళ్లు ఒక్కసారిగా నిండాయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  ఉజ్మా లేవలేకపోయింది, చూపు తిప్పుకోలేకపోయింది. ఆ పది మంది ఎలా నిలబడి ఉన్నారో ఆమె చూడకుండానే చూడగలదు. చేతులు పనిలో పెట్టి, తల వంచుకుని, తను పట్టకారు పట్టుకున్నట్టే.

"అక్కా," కట్టమ్మ పిలిచింది. "అక్కా, ఉన్నవా?"

సారలమ్మ ముక్కు తుడుచుకుంది. ఫోను వైపు వంగింది. అనవలసినవి ఎన్నో ఆమె ముఖం మీదికి వచ్చి పోయాయి. అంతలో చెవి అటు తిప్పి, కనుబొమ్మలు ముడిచింది.

"నూనె మాడుతాంది కట్టమ్మా," అంది. "మంట తగ్గియ్యి."